పట్టపగటి చెరసాల: యాంచో మిక్లోష్ సినిమా మీద ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

మనం ఇప్పుడే చూసిన హంగరీ సినిమా 'ది రౌండప్' నిడివి తొంభై నిమిషాలు. ఇందులో పాట కోసం ఆగిన ఘట్టం లేదు, మనసు విప్పి చెప్పుకున్న పాత్ర లేదు, మొదటి నుంచి చివరి వరకు మనం వెంట నడవగలిగిన నాయకుడూ లేడు. అయినా దీపాలు వెలిగిన తరువాత చాలామంది కుర్చీల్లోంచి వెంటనే లేవకపోవడం నేను గమనించాను. ఆ నిశ్శబ్దాన్ని పాడుచేయడమే ఈరోజు నాకు అప్పగించిన పని కాబట్టి, సాధ్యమైనంత జాగ్రత్తగా పాడుచేస్తాను.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఈ సినిమా దర్శకుణ్ణి ప్రపంచమంతా మిక్లోష్ యాంచో అంటుంది. ఆయన దేశంలో మాత్రం ఆయన యాంచో మిక్లోష్. హంగరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు చెప్పి, తరువాత సొంత పేరు చెబుతారు. ఐరోపాలో ఇలా పిలుచుకునే జాతులు చాలా అరుదు. అందుచేత ఒక తెలుగు సభలో ఆయన పేరును తిరగేసి చెప్పవలసిన అవసరం నాకు కనిపించలేదు. అలాగే ఈ కథంతా ఎవరి చుట్టూ తిరుగుతుందో, ఎవరు ఒక్కసారి కూడా తెర మీదికి రాడో, ఆ బందిపోటు నాయకుడి పేరు రోజా షాందోర్. ఇందులో రోజా అన్నది ఇంటిపేరు. వాళ్ల భాషలోనూ ఆ మాటకు అర్థం గులాబీయే.

సినిమా అసలు పేరు 'సెగేన్‌లెగేన్యెక్'. మాటకు మాట చూస్తే 'పేద కుర్రాళ్లు' అని అర్థం. పంతొమ్మిదో శతాబ్దపు హంగరీ పల్లెల్లో ఈ మాట వాడిన తీరు వేరు. సైన్యం నుంచి పారిపోయినవాడు, దొర మీద చేయి చేసుకుని ఊరు విడిచినవాడు, పశువులను తోలుకుపోయి బతికేవాడు, వీళ్లందరినీ జనం సగం భయంతో, సగం ముద్దుగా అలా పిలుచుకునేవారు. సర్కారు లెక్కలో దొంగ, రచ్చబండ లెక్కలో మనవాడు. ఇంగ్లీషువాళ్లు ఈ సినిమాకు 'ది రౌండప్' అని పేరు పెట్టారు, అంటే పశువులను చుట్టుముట్టి దొడ్లోకి తోలడం. ఫ్రెంచివాళ్లు 'ఆశ లేనివాళ్లు' అన్నారు. మూడు పేర్లలో నాకు ఈ ఫ్రెంచి పేరుతోనే పేచీ ఉంది. ఈ సినిమాలో మనుషులు ఆశ లేక చావరు. ఆశ ఉండబట్టే చస్తారు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

కథకు వెనక ఉన్న చరిత్రను కొంచెం చెప్పుకోక తప్పదు. 1848లో హంగరీ ప్రజలు తమను ఏలుతున్న ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల పాలన మీద తిరగబడ్డారు. దానికి ముందు నిలిచినవాడు కొషుత్ లాయోష్. ఆ పోరాటంలో రోజా షాందోర్ వంటి బందిపోట్లు కూడా క్షమాభిక్ష పొంది కొషుత్ పక్షాన కత్తి పట్టారు. 1849లో రష్యా జారు సైన్యాల సాయంతో చక్రవర్తి ఆ తిరుగుబాటును అణచివేశాడు. తరువాత 1867లో హంగరీ పెద్దలకూ చక్రవర్తికీ రాజీ కుదిరి, ఆస్ట్రియా-హంగరీ అనే జంట రాజ్యం ఏర్పడింది. రాజీ కుదిరాక పాత జ్ఞాపకాలు అందరికీ ఇబ్బందే కదా. తిరుగుబాటు రోజుల మనుషులు ఇంకా మైదానాల్లో గుర్రాల మీద తిరుగుతూ ఉంటే కొత్త కాపురం సాగదు. అందుకని రాదాయ్ గెదెయోన్ అనే ప్రభువుకు సర్వాధికారాలు ఇచ్చి, బందిపోట్లను ఏరిపారేయమని పంపారు. ఆయన సెగెద్ కోటలో విచారణలు నడిపించాడు. రోజా షాందోర్ 1869లో పట్టుబడి, చివరకు 1878లో జైలులోనే కన్నుమూశాడు. యాంచో సినిమా ఈ చరిత్రను ఉన్నదున్నట్టు చెప్పదు. కోటను వదిలేసి, హంగరీ మహామైదానం మధ్యలో కర్రలతో, తెల్ల గోడలతో కట్టిన ఒక దొడ్డిని చూపిస్తుంది. అందులో బంధించిన మనుషుల్లో రోజా షాందోర్ దళంవారు ఎవరో తేల్చడమే అధికారుల పని. మన పల్లెల్లో పొలాల్లో పడ్డ పశువులను తోలే బందెలదొడ్డిని ఎరిగినవారికి ఆ కట్టడాన్ని వేరే వర్ణించనక్కరలేదు.

ఆ మైదానాన్ని వాళ్లు పుస్టా అంటారు. కనుచూపు మేర చెట్టు ఉండదు, గుట్ట ఉండదు, దాక్కోవడానికి ఒక్క పొద కూడా ఉండదు. సాధారణంగా చెరసాల సినిమా అంటే మన ఊహలో చీకటి గది, దీపం వెలుగు, గోడ మీద నీడలు వస్తాయి. యాంచో వీటిని పట్టించుకోలేదు. ఆయన చెరసాల పట్టపగటి చెరసాల. గోడలు తెలుపు, ఆకాశం తెలుపు, అందులో నల్ల అంగీలు కప్పుకున్న అధికారులు. తలుపులు తరచుగా తెరిచే ఉంటాయి. తలుపు అవతల వంద మైళ్ల బయలు కనిపిస్తూ ఉంటుంది.

సినిమా మొదట్లో ఒక దృశ్యం ఉంది, గుర్తు తెచ్చుకోండి. ఒక ఖైదీని ప్రశ్నిస్తారు. గొంతు పెంచరు, చేయి చేసుకోరు. తరువాత వెళ్లవచ్చునంటారు. అతడు గుమ్మం దాటి బయలులోకి నడుస్తాడు. కెమెరా కదలదు. అతడు అడుగు అడుగుకీ చిన్నవాడవుతూ ఉంటాడు, మనం కూడా ఊపిరి తేలిక చేసుకుంటాం. ఎక్కడి నుంచో ఒక తుపాకి చప్పుడు వినిపిస్తుంది, అతడు పడిపోతాడు. కాల్చినవాడు కనిపించడు. దగ్గరగా ముఖం చూపించరు, సంగీతం లేవదు. పడిన మనిషి ఆ బయలులో ఒక చిన్న నల్ల చుక్కగా మిగులుతాడు. సినిమా మొత్తానికి వ్యాకరణం ఈ ఒక్క దృశ్యంలో ఉంది. తెరిచిన తలుపు ఎదురైతే మనిషి నడుస్తాడు. నడిచేలా చేయడమే వాళ్ల పని, తుపాకి పని తరువాత వస్తుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈరోజు మనం చూసిన పునరుద్ధరించిన ప్రతికి అది సంబంధించినది. నేను ఈ సినిమాను మొదటిసారి చాలా ఏళ్ల క్రితం ఒక వీడియో క్యాసెట్టులో చూశాను. ఎక్కడి నుంచో కాపీకి కాపీ తీసిన క్యాసెట్టు అది. బొమ్మ మీద వాన కురుస్తున్నట్టు గీతలు, తెల్ల గోడలన్నీ పాలలో ముంచినట్టు కరిగిపోయి, ముఖాలకూ ఆకాశానికీ తేడా తెలియని పరిస్థితి. అంతకంటే పెద్ద అన్యాయం మరొకటి జరిగింది. ఈ సినిమా వెడల్పు తెరకు తీసినది. ఎత్తుకు రెండు రెట్లకు మించిన వెడల్పు ఉన్న స్కోప్ బొమ్మ. దాన్ని చతురస్రపు టీవీ పెట్టెలో ఇరికించడానికి ఎవరో మహానుభావులు రెండు పక్కలా కోసేశారు. గాయ్దర్ అనే ఖైదీ ఒక గోడ పక్కన నిలబడి, ఎవరినో చూసి హఠాత్తుగా బెదిరిపోతాడు. ఎందుకు బెదిరాడో నాకు ఆనాడు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. గొప్ప కళాఖండం కదా, అర్థం కాకపోవడం కూడా అందులో భాగమే కాబోలనుకుని, ఆ మాట మిత్రులకు కూడా గంభీరంగా చెప్పాను. ఏళ్ల తరువాత పూర్తి వెడల్పున్న ప్రతిలో చూస్తే తెలిసింది. బొమ్మ అంచున ఒక అధికారి నిలబడి ఉన్నాడు. ఏమీ చేయడం లేదు, ఊరికే నిలబడి ఉన్నాడు. క్యాసెట్టు కోసేసింది ఆ అధికారిని. నేను లోతైన మర్మమని మురిసిపోయినది ఒక కత్తెర చేసిన పని.

అందుచేత పునరుద్ధరణ అన్న మాటను నేను కేవలం దుమ్ము దులపడంగా అర్థం చేసుకోను. యాంచో శతజయంతి 2021లో వచ్చింది. ఆ సందర్భంలో హంగరీ జాతీయ చలనచిత్ర సంస్థ ఆయన సినిమాలు ఆరింటిని అసలు కెమెరా నెగెటివ్‌ల నుంచి 4కె స్థాయిలో పునరుద్ధరించి విడుదల చేయించింది, అందులో ఇది ఒకటి. అసలు నెగెటివ్ అంటే కెమెరాలో తిరిగిన రీలు. థియేటర్‌కు వచ్చే ప్రింటు దానికి రెండు మూడు తరాల తరువాతి సంతానం. తరం మారిన కొద్దీ నలుపు మరింత నల్లబడుతుంది, తెలుపు మరింత వెలిసిపోతుంది, మధ్యనున్న బూడిద రంగు ఛాయలు చచ్చిపోతాయి. మామూలు కథా చిత్రానికి దానివల్ల పెద్ద నష్టం లేదు. ఈ సినిమాకు మాత్రం ప్రాణం ఆ బూడిద ఛాయల్లోనే ఉంది. తెల్ల గోడ ముందు తెల్లని చొక్కా తొడిగిన రైతు, తెల్లని ఆకాశం కింద తెల్లని దుమ్ము. ఇవి నాలుగూ నాలుగు తెలుపులుగా విడివిడిగా కనిపించాలి. ఛాయాగ్రాహకుడు షొమ్లో తమాష్ అంత శ్రమపడి తీసినది అదే. అలా కనిపిస్తేనే ఆ ఎండ మన కళ్లకు నొప్పి పుట్టిస్తుంది, నీడ కోసం మనమే వెతుకులాడతాం. నీడ దొరకదు.

పునరుద్ధరణ చేసేవారికి ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంటుంది. ఫ్రేము ఫ్రేముకీ గీతలు చెరపగలిగిన యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. అవి శ్రుతి మించితే ఫిల్ములో సహజంగా ఉండే రేణువులను కూడా మురికి అనుకుని తుడిచేస్తాయి, అప్పుడు మనుషుల చర్మం మైనంలా తయారవుతుంది. ఈ ప్రతిలో రేణువులు బతికే ఉన్నాయి. దుమ్ము లేచినప్పుడు అది మైదానపు దుమ్మో, ఫిల్ము రేణువో చెప్పలేని క్షణాలు కొన్ని ఉన్నాయి, అవి నాకు ఎంతో నచ్చాయి.

ఇప్పుడు గాయ్దర్ దగ్గరికి వద్దాం. గాయ్దర్ యానోష్ పాత్ర వేసిన నటుడు గోర్బె యానోష్. 1942లో వచ్చిన ఒక ప్రసిద్ధ హంగరీ చిత్రంలో ఆయన కొండ మనుషుల పక్షాన నిలిచిన కథానాయకుడు. అంటే పాతతరం ప్రేక్షకులకు అది నమ్మకమైన ముఖం. యాంచో ఆ ముఖాన్నే తీసుకువచ్చి పట్టించేవాడి పాత్రలో నిలబెట్టాడు. గాయ్దర్ తాను హత్యలు చేసినట్టు ఒప్పుకుంటాడు. ఉరి తప్పదని చెబుతారు. ఆ తరువాత ఒక దారి చూపిస్తారు: నీకంటే ఎక్కువ మందిని చంపినవాణ్ణి ఈ దొడ్డిలో చూపించగలిగితే నీ ప్రాణం నీకు దక్కుతుంది.

ఈ షరతును ఒక్కసారి నిదానంగా తూచి చూడండి. మన కోర్టు భాషలో అప్రూవర్ అనే మాట ఉంది. తోటివారి మీద సాక్ష్యం చెప్పి తాను బయటపడేవాడు. కానీ గాయ్దర్‌ను సాక్ష్యం చెప్పమని అడగడం లేదు, లెక్క చెప్పమంటున్నారు. హత్యలు తక్కువా ఎక్కువా అనే లెక్క. ఆ లెక్క మొదలైన క్షణం నుంచి అతడు తన తోటివారిని మనుషులుగా చూడడం మానేసి, అంకెలుగా చూడడం మొదలుపెడతాడు. వరుసగా నడిచే ఖైదీల ముఖాల మీద అతడి చూపు ఎలా తిరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. సంతలో ఎడ్లను బేరమాడే మనిషి చూపు అది. వాళ్లు అతణ్ణి కొట్టలేదు. కొడితే నోరు మూసుకునేవాడేమో. చిన్న ఆశను చేతికిచ్చి వదిలారు, మిగిలిన పని అతడే చేసుకున్నాడు.

తాను పట్టించినవాళ్ల మధ్య రాత్రి గడపడం ప్రాణం మీదికి వస్తుందని గాయ్దర్‌కు తెలుసు. అయినా తెల్లవారేసరికి అతడు గదిలో శవమై ఉంటాడు. మామూలు సినిమా అయితే అధికారులు కంగారుపడేవారు. ఇక్కడ వాళ్ల ముఖాల్లో కంగారు లేదు. వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: రాత్రి ఎవరెవరి గదులకు గడియ వేయలేదు? అంటే ఆ తలుపులు పొరపాటున తెరిచి ఉంచినవి కావు. పట్టించేవాడి చావు కూడా వాళ్లకు ఒక ఎరే. తెరిచిన తలుపు దాటి వచ్చినవారు తమంతట తామే జాబితాలోకి ఎక్కారు. గాయ్దర్ బతికి ఉండగా ఎంత ఉపయోగపడ్డాడో, చచ్చి అంతకంటే ఎక్కువ ఉపయోగపడ్డాడు. అప్పటిదాకా మనం ముఖ్యపాత్ర అనుకున్న మనిషి నడి సినిమాలో ఇలా మాయమవుతాడు, కథ అతడి శవాన్ని దాటుకుని తొణక్కుండా ముందుకు పోతుంది. ఈ తొణకకపోవడమే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

మరో దృశ్యం గురించి మాట్లాడకుండా దాటవేస్తే తప్పు. ఒక యువతిని వివస్త్రను చేసి, రెండు వరుసలుగా నిలబడ్డ సైనికుల మధ్య పరుగెత్తించి, చచ్చేదాకా కొడతారు. ఖైదీలను పైకప్పు మీద నిలబెట్టి చూడమంటారు. వారిలో కొందరు చూడలేక అక్కడి నుంచి దూకి ప్రాణాలు తీసుకుంటారు. కెమెరా చాలా వరకు దూరాన్నే ఉంటుంది. రెండు తిన్నని గీతలు, వాటి మధ్య అటూ ఇటూ ఉరికే ఒక చిన్న తెల్లని ఆకారం. హింసను ఇలా క్షేత్రగణితంగా మార్చి చూపించడం వల్ల దాని అసలు స్వభావం బయటపడుతుందని విమర్శకులు అంటారు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. అయితే ఒక అభ్యంతరం కూడా నమోదు చేస్తాను. తరువాతి సినిమాల్లో యాంచో స్త్రీ నగ్నత్వాన్ని పదే పదే ఒక చిహ్నంగా వాడుకున్నాడు, అక్కడ అది అలవాటుగా, కొన్నిచోట్ల అలంకారంగా దిగజారింది. ఈ సినిమాలో అది ఇంకా అలవాటు కాలేదు, గాయంగానే ఉంది. కానీ ఆ యువతికి సినిమా ఒక్క మాటైనా సొంతంగా ఇవ్వలేదన్న సంగతి నాకు ఈరోజు కూడా తోచింది.

యాంచో మిక్లోష్ 1921లో బుడాపెస్ట్‌కు ఎగువన డాన్యూబ్ ఒడ్డున ఉన్న వాత్స్ పట్టణంలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివాడు. దానితోపాటు జానపద సంస్కృతుల అధ్యయనం, కళల చరిత్ర కూడా చదివాడు. యుద్ధం తరువాత బుడాపెస్ట్‌లోని నాటక, చలనచిత్ర విద్యాలయంలో చేరి 1950లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ తరువాత కొన్నేళ్లపాటు ఆయన చేసినది వార్తా చిత్రాలు తీయడం. స్టాలిన్ పద్ధతిలో నడిచే దేశంలో వార్తా చిత్రాలంటే కోతల పండుగలు, ఊరేగింపులు, జెండా వందనాలు. వాటిని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నాకు మాత్రం ఆ ఏళ్లు వృథా పోయాయని అనిపించదు. వందలమంది మనుషులు ఒక సైగకు ఎలా బారులు తీరతారో, ఎక్కడ నిలబెడితే గుంపు గంభీరంగా కనిపిస్తుందో, వరుసలో ఒక్క మనిషి తడబడితే కన్ను అక్కడికే ఎలా పోతుందో ఆయన ఆ ఊరేగింపుల్లోనే నేర్చుకుని ఉంటాడు. ప్రభుత్వం కోసం తీసిన ఆ బారులనే ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో చూపడానికి వాడుకున్నాడు.

ఆయన మొదటి కథాచిత్రం 1958లో వచ్చింది, దాని గురించి ఆగవలసిన పని లేదు. 1963లో తీసిన 'ఓల్దాష్ ఏష్ కోతేష్' నాటికి ఇటలీ దర్శకుడు అంతోనియోనీ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది, దాన్ని ఆయన దాచుకోలేదు కూడా. ఆ రోజుల్లోనే హెర్నాది జ్యూలా అనే రచయితతో స్నేహం కుదిరింది. ఆ జోడీ దశాబ్దాల పాటు నిలిచింది. ఈ సినిమాకు స్క్రీన్‌ప్లే రాసినది కూడా హెర్నాదియే.

1966లో విడుదలైన ఈ సినిమా ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవం పోటీలో ఉంది. అది అక్కడికి వెళ్లడానికి ఒక షరతు ఉండింది. ఈ కథకూ దేశంలో ఇటీవలి సంఘటనలకూ ఏ సంబంధమూ లేదని దర్శకుడు బహిరంగంగా ప్రకటించవలసి వచ్చింది. ఇటీవలి సంఘటనలు ఏవో ఆ దేశంలో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. 1956 అక్టోబర్ 23న బుడాపెస్ట్ వీధుల్లో విద్యార్థులతో మొదలైన తిరుగుబాటును నవంబర్ 4న ప్రవేశించిన సోవియట్ ట్యాంకులు తొక్కేశాయి. ఆనాటి ప్రధాని నాజ్ ఇమ్రెను 1958 జూన్‌లో ఉరితీశారు. వేలమంది జైళ్లలోకి వెళ్లారు. 1963లో పెద్ద క్షమాభిక్ష ప్రకటించారు. ఒకనాడు తిరగబడిన మనుషులు, రాజీ కుదుర్చుకున్న కొత్త ప్రభుత్వం, ఎవరు ఆనాడు ఎక్కడ నిలబడ్డారన్న విచారణ, ఎవరు ఎవరి పేరు చెప్పారన్న అనుమానం: 1869 అని పేరు పెట్టినా ప్రేక్షకుడు దాన్ని తన ఏడు, తన వీధి, తన మెట్ల వరుసగానే చదువుకున్నాడు. తాను చేసిన ఆ ప్రకటనను ఎవరూ నమ్మలేదని యాంచో తరువాతి కాలంలో స్వయంగా చెప్పుకున్నాడు. అప్పటికి కోటి మంది ఉన్న దేశంలో పది లక్షలకు పైగా ఈ సినిమా చూశారు. కష్టమైన సినిమా అని మనం ఈరోజు చిన్న హాలులో భక్తిగా చూస్తున్నాం. వాళ్లు టికెట్టు కొని, పక్కవాడి ముఖం చూడకుండా చూశారు.

ఆ క్షమాభిక్ష సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాను. అంతకుముందు కెమెరా గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే యాంచో అనగానే అందరూ పొడవైన షాట్లంటారు. అది నిజమే, కానీ ఈ సినిమాకు పూర్తిగా వర్తించదు. 1972లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చిన 'ఎర్ర కీర్తన' మొత్తం ముప్పై షాట్ల లోపే అయిపోతుంది. 1974 నాటి ఎలెక్ట్రా కథ డెబ్బై నిమిషాల సినిమా, అందులో పన్నెండు షాట్లే ఉన్నాయి. అక్కడ కెమెరా పట్టాల మీద అల్లుకుంటూ తిరుగుతుంది, మనుషులు, గుర్రాలు, జెండాలు దాని చుట్టూ నాట్యం చేస్తాయి. ఈ సినిమా నాటికి ఆయన ఇంకా మామూలుగానే షాట్లను కోసి అతికిస్తున్నాడు. నా అభిప్రాయం అడిగితే, ఆయన పద్ధతి ఆయనకు పూర్తిగా చేతికి రాని ఈ దశలోనే ఆయన గొప్ప సినిమా వచ్చింది. తరువాతి సినిమాల్లో కెమెరా ఎంత అందంగా తిరుగుతోందో చూస్తూ మనం అప్పుడప్పుడు మనిషిని మరచిపోతాం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆయన వెంటనే తీసిన 1967 నాటి సినిమా అక్టోబర్ విప్లవం యాభయ్యో వార్షికోత్సవం కోసం సోవియట్‌వాళ్లతో కలిసి తీసినది. వీరగాథ వస్తుందని ఎదురు చూసినవారికి అర్థం లేని చావుల వరుస వచ్చింది. అక్కడ దాన్ని కోసి, తరువాత నిషేధించారు. యాంచోకు అభినందన చిత్రం తీయమని పని అప్పగించడం ఎంత పొరపాటో వాళ్లు 'సెగేన్‌లెగేన్యెక్' చూసి అయినా గ్రహించి ఉండవలసింది.

ముసలితనంలో ఆయన తన గాంభీర్యాన్ని తానే వెక్కిరించుకున్నాడు. కాపా, పెపే అనే ఇద్దరు విచిత్ర మనుషులతో బుడాపెస్ట్‌లో తిరిగే అల్లరి సినిమాలు తీశాడు, వాటిలో తానూ నటించాడు. 2014 జనవరిలో, తొంభై రెండేళ్ల వయసులో మరణించాడు.

ఇక చివరి పది నిమిషాలు. ఖైదీల్లో ఒకడిని గుర్రం ఎక్కించి, నీ పనితనం చూపించమంటారు. ఎంతకాలం తరువాతో గుర్రం మీద కూర్చున్న మనిషి ఒంట్లోకి ప్రాణం లేచివస్తుంది. నీలాంటివాళ్లు సైన్యానికి కావాలి, నీ దళాన్ని నువ్వే ఎంచుకో అంటారు. అతడు వరుసగా నిలబెట్టిన ఖైదీల్లోంచి ఒక్కొక్కరినే ఎంచుకుంటాడు. మంచి రౌతులు ఎవరో, తనతో పోరాడినవారెవరో అతడికి తెలుసు కదా. గాయ్దర్ భయంతో చేసిన పనినే ఇతడు గర్వంతో చేస్తున్నాడు. వేలితో చూపిస్తున్నాడు, పేరుతో పిలుస్తున్నాడు. అధికారులు నవ్వుతూ చూస్తున్నారు.

దళం బారు తీరుతుంది. అప్పుడు చక్రవర్తి ఆజ్ఞను చదువుతారు. రోజా షాందోర్‌ను క్షమించారట. ఇంతసేపూ ఖైదీల ముఖాల్లో ఒక్క నవ్వు లేని సినిమాలో మొదటిసారి టోపీలు గాలిలోకి లేస్తాయి. మగవాళ్లు పాట ఎత్తుకుంటారు. అది కొషుత్ పాట, 1848 నాటి పాట. దాన్ని పాడడం అంటే మేము అతడి మనుషులమని చెప్పడమే. ఇన్నాళ్లూ కొరడాకూ, ఉరికంబానికీ, చీకటి గదికీ చెప్పని మాటను ఆ బయలులో గొంతెత్తి, కలిసి, ఆనందంగా చెప్పేశారు. 1963 క్షమాభిక్షను చూసిన ప్రేక్షకుడు ఈ చోట ఏమనుకుని ఉంటాడో మీకే వదిలేస్తున్నాను. అధికారి పాట పూర్తయ్యేదాకా ఓపికగా ఆగి, మిగిలిన కాగితం చదువుతాడు. క్షమాభిక్ష నాయకుడికి మాత్రమేనట. అతడితో కలిసి తిరిగినవారికి తగిన శిక్ష ఉంటుందట.

వెంటనే వెనక నుంచి చేతులు వచ్చి, తలల మీద గోనె ముసుగులు దిగుతాయి. పెనుగులాట జరుగుతుంది కానీ ఎక్కువసేపు కాదు. పాత క్యాసెట్టులో ఈ చోట నాకు కనిపించినవి కొన్ని నల్ల మచ్చలు. ఈరోజు ప్రతిలో ఆ గోనె నేత ఒక్కొక్క దారం కనిపించింది. ముందు వరుసలో ఒకడి నోటి దగ్గర ఆ గుడ్డ లోపలికీ, బయటికీ కదులుతోంది. పాడుతూ ఉండగా ముసుగు పడ్డవాడు కాబట్టి, ఊపిరి ఇంకా సర్దుకోలేదు.